కట్టుడు పండ్ల అవసరమును నిర్ణయించువారెవరు?

మనుష్యుని దేహమునకు కలుగు లోపములలో దేనిని దిద్దుకొనవలయును, దేనిని సహించి ఊరకుండవలయును అను విషయమున లోకమునకు ఒక విచిత్రమైన న్యాయము కలదు. కన్ను మసకబారినచో కండ్లజోడు కొనుటకు ఎవరును సందేహింపరు. కాలు పట్టు తప్పినచో చేతికఱ్ఱ వచ్చును. పన్ను ఊడినచో మాత్రము "వయస్సు వచ్చినది, ఊడినది" అను ఒక్క మాటతో ఆ ప్రసంగము ముగియును. ఒకటి పోయినప్పుడు ఆ మాటయే; పది పోయినప్పుడును ఆ మాటయే; నోరంతయు బోసిగా మారినప్పుడును ఆ మాటయే. ఈ వైరాగ్యము నిజముగా వైరాగ్యమా, లేక అజ్ఞానమునకును అశక్తతకును పెట్టుకొనిన ముద్దుపేరా అని విచారింపవలసియున్నది.

ఈ విచారణ చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ననుసరించి, లోకమున 20 ఏండ్లు దాటినవారిలో నూటికి దాదాపు 7గురు పండ్లన్నియు కోల్పోయినవారు. 60 ఏండ్లు దాటినవారిలో ఆ సంఖ్య నూటికి 23. అనగా వృద్ధులు నలుగురైదుగురు కూడిన చోట ఒకరి నోట సహజమైన పన్ను ఒక్కటియు లేదన్నమాట. వీరందరికిని కట్టుడు పండ్లు అవసరమా? అవసరమైనచో ఆ మాట చెప్పవలసినవారెవరు? వైద్యుడా, పండ్లు పోయినవాడా, ఇంటివారా, ప్రభుత్వమా?

అవసరము అను మాట పైకి కనబడునంత సరళమైనది కాదు. ఆంగ్లేయ సాంఘికశాస్త్రజ్ఞుడు జోనథన్ బ్రాడ్‌షా 1972లో దీనిని నాలుగు తెఱగులుగా విభజించెను. నిపుణుడు ఒక కొలతను బట్టి నిర్ణయించునది మొదటిది. మనుష్యుడు తన మనస్సులో తనకు కావలెనని తలచునది రెండవది. తలచి, నోరు తెఱచి అడుగునది మూడవది. తనవంటివారికి లభించి తనకు లభింపకపోవుటను బట్టి తేలునది నాలుగవది. ఆకలి విషయమున ఈ నాలుగును చాలవఱకు ఏకమగును. పంటి విషయమున ఏకమగుట అరుదు.

వైద్యుడు నోరు తెఱపించి, ఖాళీలు లెక్కించి, కట్టుడు పండ్లు అవసరమని వ్రాయును. అదే మనుష్యుని అడిగినచో "నాకేమి లోటు? తినుచునే యున్నాను గదా" అనును. పెక్కు దేశములలో జరిగిన పరిశీలనలు ఈ వ్యత్యాసమునే మఱి మఱి తెలుపుచున్నవి. వైద్యుని లెక్కలో అవసరము కలవారికంటె, తమకు అవసరమని చెప్పుకొనువారు తక్కువగనే యుందురు. ముందరి పన్ను పోయినవారు తొందరపడుదురు. దవడపండ్లు పోయినవారు ఏండ్ల తరబడి ఉపేక్షింతురు. అనగా సామాన్యముగా అవసరమును నిశ్చయించునది నమలుట కాదు, నవ్వుట. అద్దమునకు కనబడు లోపము లోపమగుచున్నది. కడుపునకు మాత్రమే తెలియు లోపము లెక్కకు రాకున్నది.

ఇందులకు కారణములు లేకపోలేదు. పండ్లు ఊడుట వార్ధక్యమునకు సహజ లక్షణమను నమ్మకము మొదటి కారణము. ఇది సత్యము కాదు. వయస్సు పన్నును పెఱికివేయదు. పుచ్చిపోవుటయు, చిగుళ్ళ వ్యాధియు పన్నును పోగొట్టును. వయస్సుతో కూడ ఆ వ్యాధుల ఫలము పోగుపడుచు వచ్చుటచేత నేరము వయస్సుపై పడినది. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిపై నుండు గట్టి పింగాణి పొరను కరగించును. ఆ పొర ఒకసారి గుంటపడినచో దేహము దానిని మరల నిర్మింపలేదు. చిగుళ్ళ వ్యాధి అంతకంటె నిశ్శబ్దమైనది. పంటి మొదట పేరుకొనిన పాచి గారగా గట్టిపడి, చిగురు వాచి, రక్తము కారి, కడకు పన్నును పట్టియుంచు ఎముకయే తరిగిపోవును. పొగాకును మధుమేహమును దీనికి తోడ్పడును. చాలవఱకు నొప్పి లేని వ్యాధి గనుక, పన్ను కదలువఱకు రోగికి ఏమియు తెలియదు. కదలిన పిమ్మట "కాలము వచ్చినది" అనుకొనును.

రెండవ కారణము మనుష్యుని అలవాటుపడు శక్తి. దవడపండ్లు ఒక్కొక్కటి పోవుచుండగా ఆహారమును ఒక్కొక్కటిగా విడనాడుచు వచ్చును. మొదట చెఱకు పోవును. తరువాత జామకాయ, వేరుసెనగపప్పు, పండుగనాటి జంతికలు, సకినాలు పోవును. ములగకాడ నమలుట మానుకొని పులుసు మాత్రము పోసికొనును. జొన్నరొట్టెను పాలలోనో పప్పులోనో నానవేయును. కడకు మెత్తని అన్నము, పప్పుకట్టు, మజ్జిగ మిగులును. ఈ మార్పు ఒక్క దినమున జరిగినచో ఇంటిల్లిపాదియు గగ్గోలు పెట్టుదురు. పది పదునైదేండ్లలో జరుగుటచేత ఎవరికిని తెలియదు, తినువానికిని తెలియదు. పీచుగల కూరలు, పచ్చి పండ్లు, గింజలు విస్తరి నుండి తొలగి, మెత్తని పిండిపదార్థములును తీపియును వాని చోటును ఆక్రమించుట ఆరోగ్యమునకు మేలు కాదు. అట్టివాడు తనకు కట్టుడు పండ్లు అవసరము లేదని చెప్పినచో, ఆ మాట అతని నోటి స్థితిని తెలుపుచున్నదా, లేక అతడు కోరుట మానుకొనిన సంగతిని తెలుపుచున్నదా?

మూడవది ధనము. కూలికి పోవువాడు పట్టణమునకు నాలుగైదుసార్లు తిరిగి, కూలి పోగొట్టుకొని, సొమ్ము చెల్లించి పండ్లు కట్టించుకొనవలయును. లభింపదని తెలిసిన వస్తువును కోరకుండుట పేదవాని వివేకము. ఆ వివేకమును చూచి "వీరికి అవసరము లేదు" అని లెక్కవ్రాయుట న్యాయము కాదు.

అడుగనివారందరును అవసరము లేనివారు కారనుటకు బ్రిటను చరిత్ర గొప్ప సాక్ష్యము. అచ్చట 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమై, కట్టుడు పండ్లును కండ్లజోళ్ళును ఉచితముగా లభించెను. వెంటనే జనము వెల్లువవలె వచ్చిరి. పాలకులు వేసికొనిన అంచనాలు తలక్రిందులాయెను. అంతవఱకు ఎవరికిని కనబడక అణగియున్న అవసరము, వెల అను తలుపు తెఱచుకొనినంతనే వీథిలోనికి వచ్చినది. ఆ వ్యయమునకు తాళలేక 1951లో ప్రభుత్వము కట్టుడు పండ్లకును కండ్లజోళ్ళకును రుసుము విధింపగా, ఆ సేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవన్ మంత్రిపదవికి రాజీనామా ఇచ్చెను. ఒక దేశపు మంత్రివర్గమును కట్టుడు పండ్లు కదలించినవనుట హాస్యము కాదు, చరిత్ర.

అయితే ఆ దేశపు కథకే మఱియొక ముఖము కలదు. 1968లో జరిపిన పరిశీలనలో ఇంగ్లండు, వేల్సులలోని వయోజనులలో నూటికి 37గురు పండ్లన్నియు లేనివారని తేలెను. ఎన్నటికైనను పోవునవే గదా, మరల మరల బాధయు వ్యయమును ఎందుకని, నిలుపుకొనదగిన పండ్లను సైతము తీయించుకొని కట్టుడు పండ్లు పెట్టించుకొనువారు ఆ కాలమున అచ్చట అరుదు కారు. పండ్లు పోవుటయే సహజమని ఒక సంఘము నమ్మినచో, కట్టుడు పండ్లే ఆ సంఘమునకు సహజములగును. తరువాతి తరములకు ఆ నమ్మకము సడలినది. ఫ్లోరైడు గల దంతమంజనము ఇంటింట ప్రవేశించినది. పన్నును పెఱుకుటకంటె నిలుపుటయే వైద్యమని వైద్యులు తలచిరి. 2009 నాటి పరిశీలనలో ఇంగ్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులలో అట్టివారి సంఖ్య నూటికి 6కు దిగినది. పండ్లు ఊడుట విధి కాదని దీనికంటె స్పష్టముగా చెప్పువారెవరు?

కావున మనుష్యుడు తనకు తోచినదే అవసరమనుటయు పూర్తిగా చెల్లదు. తోచుట అనునది సంఘము నేర్పిన పాఠము. ఒకచోట బోసినోటిని సహజమనియు, మఱియొకచోట నిలువదగిన పన్నును పీకించుకొనుటయే తెలివి యనియు ఆ పాఠము నేర్పును. అమెరికా ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో పదవీప్రమాణము చేయునాటికి ఆయన నోట స్వంత పన్ను ఒక్కటియే మిగిలియుండెను. ఆయన కట్టుడు పండ్లు కఱ్ఱతో చేసినవను కథ ప్రచారమున నున్నది గాని అది నిజము కాదు. నీటిగుఱ్ఱపు దంతము, లోహము, మనుష్యుల పండ్లు వానిలో కూర్చబడినవి. 1815లో వాటర్లూ యుద్ధము ముగిసిన పిమ్మట చచ్చిన సైనికుల నోళ్ళనుండి పండ్లు పెఱికి, కట్టుడు పండ్లు చేయువారికి అమ్మిరి. ఒకని నోటి అందమునకు మఱియొకని శవము నోరు తెఱువవలసి వచ్చిన కాలమది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ గట్టిపఱచిన రబ్బరును, 1930ల తరువాత ఆక్రిలిక్ అను కృత్రిమ పదార్థమును రాగా కట్టుడు పండ్లు సామాన్యునికి దగ్గఱైనవి. శ్రీమంతుల అలంకారము సామాన్యుల పనిముట్టుగా మాఱుటయే ఇందలి నిజమైన అభివృద్ధి.

మఱి నోటిలోని ప్రతి ఖాళీని నింపవలసినదేనా? ఇచ్చట వైద్యుని లెక్కయు ప్రశ్నకు పాత్రమే. వయోజనునికి 32 పండ్లు. అందు ముందరివి 12, వాని ప్రక్కల నుండు చిన్న దవడపండ్లు 8, వెనుక పెద్ద దవడపండ్లు జ్ఞానదంతములతో కూడ 12. నెదర్లాండ్సు దేశపు దంతవైద్యుడు ఆర్ండ్ కైజర్ 1981లో ప్రకటించిన సిద్ధాంతము ననుసరించి, ముందరి 12ను చిన్న దవడపండ్లు 8ని క్రింద పైన సరిగా కలిసియున్నచో, ఆ 20 పండ్లతోనే పెక్కుమంది తృప్తిగా జీవింపగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 1992లో, కృత్రిమ దంతముల అవసరము లేకుండ జీవితాంతము 20కి తక్కువ కాకుండ సహజ దంతములు నిలుపుకొనుటయే లక్ష్యమని పేర్కొన్నది. వెనుక ఒక పన్ను పోయినంత మాత్రమున భయపెట్టి సొమ్ము లాగువారి మాటలకు లొంగనక్కఱలేదని దీని భావము. 20 నిలుపుకొనుటకు శ్రద్ధ వహింపవలయునని దీని ధర్మము.

ఆ శ్రద్ధ ఏమి సాధింపగలదో జపాను చూపినది. 80వ ఏట 20 పండ్లు అను నినాదముతో ఆ దేశము 1989లో ఒక ఉద్యమము నారంభించెను. అప్పుడు ఆ వయస్సువారిలో 20 పండ్లు గలవారు పదిమందికి ఒకరును లేరు. 2016 నాటి జాతీయ పరిశీలనలో వారు నూటికి 51గురు. ఒక తరము లోపల ఒక జాతి నోటిరూపు మాఱినది. ఇది మందుల మహిమ మాత్రమే కాదు; వృద్ధులు తమనుండి తాము ఆశించునది మాఱుటచేతను జరిగినది.

కట్టుడు పండ్లను గూర్చి మితిమీఱిన ఆశయు తగదు. పై వరుస అంగిలిని ఆనుకొని, ఉమ్మి యొక్క పలుచని పొర వలన పట్టుకొని నిలుచును. క్రింది వరుసకు ఆ ఆధారము తక్కువ. నాలుక కదలినప్పుడెల్ల అదియు కదలును. పైగా పండ్లు పోయిన దవడ ఎముక ఏటేట తరుగుచునే యుండును. పైదవడకంటె క్రిందిదవడ యందు ఆ తరుగుదల హెచ్చు. నేడు సరిపోయిన వరుస కొన్ని ఏండ్లకు వదులగుట అందులకే. నమలు బలము సహజదంతముల బలములో నాలుగవ పాలు మించుట కష్టము. రాత్రి తీసి, తోమి, నీట నుంచవలయును. అట్లు చేయనివారికి అంగిలి ఎఱ్ఱబడి పుండగును. స్వీడను దేశీయుడు బ్రానెమార్క్ 1965లో తొలిసారి ఒక రోగి దవడలో టైటానియపు మేకులు నాటి పండ్లు నిలిపెను. ఆ పద్ధతి నేడు ప్రచారమునకు వచ్చినను వెల మాత్రము సామాన్యునకు దూరము. పొరుగువాడు కట్టించుకొనిన పండ్లు పెట్టెలో పడియున్నవని చూచి తనకు వలదనువాడు నిష్కారణముగా అనుటలేదు. అయితే ఆ పండ్లు పెట్టెలో పడియుండుటకు కారణము తఱచుగా అవి సరిగా కుదరకపోవుటయు, కుదిర్చికొనుటకు మరల పోకపోవుటయు. పండ్లు వ్యర్థమగుట కాదు.

నోటికి తిండి యొక్కటే పని కాదు. త, థ, ద, ధ, న, ల, స అను వర్ణములను దంత్యములని పిల్లలకు బోధించు ఉపాధ్యాయుడు, నాలుకకొన తాకుటకు పన్ను లేనప్పుడు ఆ వర్ణములు ఏమగునో అనుభవముచేత ఎఱుగును. తెలుగునకు ప్రత్యేకములైన దంత్య చకార జకారములకును, దంతమును పెదవిని కూర్చి పలుకు వకారమునకును అదే గతి. వాక్కే వృత్తియైనవానికి ముందరి పన్ను అలంకారము కాదు, పనిముట్టు. గుమాస్తాకు కలము, దర్జీకి సూది ఎట్టివో అతనికి అది అట్టిది. అట్టివాడు పండ్లు కట్టించుకొనినచో "ఈ వయస్సున సోకులేల" అని నవ్వువారికి అవసరమన నేమో తెలియదు. ముప్పది ఏండ్ల యువతి ముందరి పన్ను పోయి నోటికి చెంగు అడ్డము పెట్టుకొని మాటలాడుచున్నచో ఆమె అవసరమును నమలుటతో కొలుచుటయు అట్టిదే. సిగ్గుపడకుండ నవ్వుట మనుష్యునకు చిన్న అవసరమా?

దీనికి ఎదురుగా మఱియొక సత్యము కలదు. తెలుగువారికి బోసినవ్వు అనగా పసిపాప తరువాత తలపునకు వచ్చునది గాంధీమహాత్ముని నవ్వు. ఆ నవ్వులో పండ్లు లేని లోటు ఎవ్వరికిని తోచలేదు. వృద్ధుని బోసినోటిని ప్రేమతో చూడగల సంఘము మంచి సంఘమే. కట్టుడు పండ్లు వలదనుటకు ముదుసలికి సంపూర్ణమైన హక్కు కలదు. అయితే ఆ హక్కు నిజమగుటకు ఎదుట రెండు త్రోవలుండవలయును. ఒక్క త్రోవయే యున్నవాడు దానిని ఎంచుకొనినాడనుట మాటలతో మోసపుచ్చుట. కొడుకులు సొమ్మునకు వెనుకాడి "నాయనగారికి అక్కఱలేదట" అని చెప్పుటయు, తల్లి వారి కష్టము నెఱిగి "నాకెందుకు నాయనా" అని అనుటయు ఎన్ని యిండ్లలో జరుగుటలేదు? ఆ 'వలదు'ను వైరాగ్యముగా భావించుట ఇంటివారికి సుఖము. ముసలివారికి మాత్రము మెతుకుల చప్పదనము.

కాబట్టి మొదటి ప్రశ్నకు ఉత్తరమిది. నిర్ణయము పండ్లు పోయినవానిదే. కాని ఆ నిర్ణయమునకు ముందు అతనికి రెండు లభింపవలయును: తన నోటి సంగతి తెలిపెడి జ్ఞానము, కోరినచో పొందగల సౌకర్యము. మొదటిది వైద్యుని ధర్మము, రెండవది ప్రభుత్వ ధర్మము. "మీ నోట ఎన్ని పండ్లు లేవు" అని అడుగుటతో వైద్యుడు తృప్తిపడరాదు. "ఏది తినుట మానితిరి? ఎవరి యెదుట మాటలాడుటకు జంకుచున్నారు?" అని అడుగవలయును. భారతదేశమున దంతవైద్య విద్యకు డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో నెలకొల్పిన కళాశాల తొలి మెట్టు. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చినది. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము 2014లో రూపుగొన్నది. అదే యేట కర్ణాటక ప్రభుత్వము 'దంత భాగ్య' అను పేర పేద వృద్ధులకు ఉచితముగా కట్టుడు పండ్లు ఇచ్చు పథకమును ఆరంభించెను. కంటి పొరలు తీయుటకు ఊరూర శిబిరములు పెట్టుట తెలుగునాట అలవాటైన పుణ్యకార్యము. పంటి విషయమునను అట్టి పూనిక రావలయుననుట అత్యాశ కాదు.

అయినను పోయిన పండ్లకు బదులిచ్చుటకంటె ఉన్నవానిని నిలుపుట మేలు. ఆ పని పాఠశాలలో ఆరంభము కావలయును. ఆఱవ ఏట పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, ఒక పెద్ద దవడపన్ను నిశ్శబ్దముగా మొలచును. అది పాలపన్ను కాదు. జీవితాంతము ఉండవలసిన పన్ను. తల్లిదండ్రులు దానిని పాలపన్నుగా భ్రమపడి, పుచ్చినను "ఊడి మరల వచ్చునులే" అని ఉపేక్షింతురు. అది ఊడును గాని మరల రాదు. పెక్కుమందికి మొట్టమొదట పోవు శాశ్వతదంతము అదియే. ఒకటవ తరగతి ఉపాధ్యాయుడు ఈ ఒక్క సంగతిని తల్లిదండ్రులకు తెలిపినచో, రాబోవు అర్ధశతాబ్దిలో కట్టుడు పండ్ల అవసరము ఎంతయో తగ్గును. రాత్రి పరుండబోవుటకు ముందు తోముకొనుట, భోజనముల నడుమ మిఠాయి నమలకుండుట, ఇటుకపొడి బొగ్గుపొడి వంటి గరుకు పదార్థములతో పండ్లు అరుగదీయకుండుట పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు.

పై తరగతుల విద్యార్థులకు వేఱొక పాఠము కలదు. దానికి పుస్తకము అక్కఱలేదు. ఈ ఆదివారము భోజనమువేళ తమ యింటి తాతయ్యగారి విస్తరిని, నాయనమ్మగారి విస్తరిని ఒకసారి శ్రద్ధగా చూడవలయును. అందరికిని వడ్డించిన వానిలో వారు ఏవి తినక ప్రక్కకు నెట్టుచున్నారో గమనింపవలయును. వారిని "పండ్లు కావలెనా" అని అడిగినచో "ఎందుకులే" అనియే అందురు. "చివరిసారి చెఱకు తిని ఎన్నాళ్ళయినది" అని అడుగవలయును. ఆ ప్రశ్నకు వచ్చు ఉత్తరమే వారి అవసరమునకు అసలైన కొలత.